రెండు సైరన్ల మధ్య సత్యవాణి

సరస్వతీ పూజ అయి మూడు రోజులైంది. బెంగాలీల గడ్డ మీది ఆ రైల్వే ఊళ్ళో ట్రాఫిక్ కాలనీ పిల్లలందరూ అమ్మవారి పాదాల దగ్గర పెట్టిన పుస్తకాలు మర్నాడే తీసేసుకుని బడికి పోయారు. చిలకమ్మ ఇంట్లో మాత్రం కంప్యూటర్ కీబోర్డు ఇంకా పూజలోనే ఉంది. పీట మీద, వాడిన బంతిపూల కింద, పసుపూ కుంకుమా పూసుకుని, లోకంతో పనిలేనట్టు పడుకుని ఉంది.

"నిన్న మంగళవారం అత్తా. ఈరోజు అష్టమి," అంది కోడలు సత్యవాణి జడ అల్లుకుంటూ. "పూజలో పెట్టినదాన్ని మంచిరోజు సూసుకునే తియ్యాల."

"మరి నీ పరీచ్చకి మంచిరోజు ఎవులు సూసినారే? మీ ఆఫీసు పెద్ద గుమస్తా, ఆ బడా బాబు సూసినాడేటి?"

సత్యవాణి జడ చివర రబ్బరు బ్యాండు మూడు చుట్లు చుట్టి, టిఫిన్ డబ్బా సంచిలో వేసుకుని ఆఫీసుకి వెళ్ళిపోయింది. ఆఫీసుకి ఆమె ఒక్కనాడూ ఆలస్యంగా వెళ్ళలేదు. చిలకమ్మని దహించేది అదే. బద్ధకస్తురాలైతే తిట్టి ఊరుకోవచ్చు. ఈ మనిషి తెల్లవారకముందే లేస్తుంది, ఒంటిచేత్తో ఇల్లంతా నడుపుతుంది. టైపింగ్ చెయ్యాల్సిన గంటలో మాత్రం ఆమెకి బియ్యం డబ్బాలో పురుగు కనిపిస్తుంది. సీలింగ్ ఫ్యాను రెక్క మీద దుమ్ము కనిపిస్తుంది. ఎప్పుడో అటక మీద పడేసిన ఇత్తడి బిందె మకిలి పట్టిందని గుర్తొస్తుంది.

సత్యవాణి అదే ఊళ్ళో పూరీ గేట్‌లో పుట్టి పెరిగిన పిల్ల. చిలకమ్మ కొడుకు ప్రేమ్‌కుమార్‌ని చేసుకుని ఈ రైల్వే క్వార్టరుకి వచ్చింది. వర్క్‌షాపులో ఫిట్టరుగా ఉన్న ప్రేమ్‌కుమార్ మూడేళ్ళ కిందట, నలభై రెండేళ్ళకే, గుండె ఆగి పోయాడు. అతని బదులు ఆమెకి క్లర్కు ఉద్యోగం ఇచ్చారు. ఒక్కటే షరతు: గడువులోగా ఇంగ్లీషు టైపింగ్ పరీక్ష పాసవ్వాలి. నిమిషానికి ముప్ఫై మాటలు. లేదంటే కుర్చీ వదిలి బరువులు మోసే ఖలాసీ పనిలోకి దిగాలి.

చిలకమ్మ భర్త నూకయ్య ఖలాసీగానే చేరాడు. ఆయన బట్టలకి పట్టిన గ్రీజు ఉతికి ఉతికి చిలకమ్మ గోళ్ళు నల్లబడ్డాయి. ఆ ఇంట్లో మూడు తరాలకి మొదటిసారి ఒకరు ఫ్యాను కింద కుర్చీలో కూర్చున్నారు. ఆ కుర్చీ ఇప్పుడు ముప్ఫై మాటల దూరంలో ఊగుతోంది.

మొదటిసారి పరీక్షకి సత్యవాణి జ్వరమని సర్టిఫికెట్ పెట్టింది. రెండోసారి వెళ్ళి పన్నెండు మాటలు కొట్టి వచ్చింది. ఆ తర్వాత ఇంట్లో సాధన చేస్తానని ఖరిదా బజారులో కీబోర్డు కొంది, పాత కంప్యూటరొకటి సంపాదించింది. అంతే, పండగలు మొదలయ్యాయి. సెప్టెంబరులో విశ్వకర్మ పూజ. వర్క్‌షాపులో పనిముట్లన్నీ పూజలో పెడతారు కనక కీబోర్డూ పెట్టింది. ఆపైన దసరా. మన ఆనవాయితీ ప్రకారం మళ్ళీ పెట్టింది. రెండింటి మధ్యా తియ్యలేదు, ఎలాగూ మళ్ళీ పెట్టాలి కదా అని. ఇప్పుడు బెంగాలీల సరస్వతీ పూజ. తెలుగువాళ్ళ సెలవులు, బెంగాలీల సెలవులు, రైల్వే సెలవులు అన్నీ కలిపి వాడుకున్న కీబోర్డు దేశం మొత్తం మీద ఇదొక్కటే అయి ఉంటుందని చిలకమ్మ నమ్మకం.

ఆ సాయంత్రం సత్యవాణితో పాటు అదే ఆఫీసులో పనిచేసే ఏంజెలా కూడా వచ్చింది. గుమ్మంలో చెప్పులు విప్పుతూనే అంది: "ఆంటీ, డేట్ వచ్చేసినాది. ఇంక పద్దెనిమిది రోజులే. ఈసారి మెడికల్ సర్టిఫికెట్ నడవదంట. బడా బాబు సాఫ్ సాఫ్ చెప్పేసినారు, ఇదే లాస్ట్ ఛాన్స్."

"విన్నావేటే?" అంది చిలకమ్మ కోడలి వైపు తిరిగి.

"విన్నానత్తా. సోమవారం నుంచి మొదలెడతాను."

"ఏ సోమవారం? ఏ సంవత్సరం?"

"నువ్వు మాత్రం?" సత్యవాణికి ఉక్రోషం వచ్చింది. "రెండేళ్ళనుంచి కంటి ఆపరేషన్ అంటే సలి తగ్గనీ, ఎండ తగ్గనీ అంటన్నావు. నీకు దాదా ఎవులో దీదీ ఎవులో, మగెవులో ఆడెవులో కూడా తెలీట్లేదు."

ఏంజెలా నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నా కన్ను పోతే నా ఒక్కదానికే పోతాది," అని చిలకమ్మ లేచింది. పీట దగ్గరికి తడుముకుంటూ వెళ్ళి, బంతిపూలు పక్కకి తోసి, కీబోర్డు రెండు చేతులతో ఎత్తింది. "తల్లీ, తప్పైతే నా మీదెయ్యి. నా కోడలి మీద ఎయ్యకు, అది ఇప్పటికే తప్పుల కుప్ప."

కీబోర్డు తగిలించి చూస్తే సగం మీటలు కిందికి దిగడం లేదు. మూడు పూజల గంధం, పసుపు నీళ్ళు, కుంకుమ సందుల్లోకి దిగి సిమెంటులా గట్టిపడ్డాయి. ఇంగ్లీషులో అన్నిటికన్నా ఎక్కువ వాడే 'ఈ' అక్షరం మీటకి పెద్ద బొట్టు పెట్టారేమో, అది అసలు కదలడమే లేదు.

"పాడైపోనాది అత్తా," అంది సత్యవాణి. "కొత్తది కొన్నాక—"

పొర కమ్మిన కళ్ళతోనే చిలకమ్మ చూసింది. కోడలి ముఖంలో దిగులు లేదు. ఉన్నది హాయి. బడికి సెలవు ఇచ్చారని తెలిసిన పిల్ల ముఖం అది. చిలకమ్మకి ఒళ్ళు మండిపోయింది. తన తలలోంచి పిన్ను లాగి, ఆ మీట పక్కన గుచ్చి, పెకలించింది. మీట ఎగిరి ఏంజెలా ఒళ్ళో పడింది.

"పాత బ్రష్షు తే. గోరువెచ్చని నీళ్ళు తే. కొత్తదీ లేదు, పాతదీ లేదు."

ముగ్గురూ కింద కూర్చుని మీటలు ఒక్కొక్కటే తీసి కడిగారు. పళ్ళెంలో అక్షరాలు ఊడిన పళ్ళలా పడి ఉన్నాయి. అప్పుడు, వాటిని తుడుస్తూ, తల ఎత్తకుండా సత్యవాణి చెప్పింది: "మొదలెడితే ఆ పన్నెండే కనపడతాదత్తా. మొదలెట్టకపోతే కనపడదు."

చిలకమ్మ ఇంకో మీట అందుకుని బ్రష్షుతో తోమింది. ఓదార్చడం ఆమెకి రాదు. "మీ మావ మొదటిరోజు సుత్తెత్తి కాలి మీద ఏసుకున్నాడు," అంది. "మర్నాడు సైరన్ మోగితే కుంటుకుంటా ఎల్లినాడు. రెండో సైరన్ లోపల గేటులో ఉండాలని తప్ప ఇంకేటీ ఆలోచించలేదు. నువ్వూ మాటలు లెక్కెట్టకు. మొదటి సైరన్‌కి కూకో. రెండో సైరన్‌కి లెగు. అంతే."

వర్క్‌షాపు మొదటి సైరన్‌కీ రెండో సైరన్‌కీ మధ్య పావుగంట. ఆ పావుగంటలో నూకయ్య చద్దన్నం తిని సైకిలెక్కి గేటు చేరేవాడు. మర్నాడు సైరన్ కాలనీ మీదుగా సాగి కిటికీ అద్దాలు వణికించగానే సత్యవాణి కూర్చుంది. పక్కనే చాప మీద చిలకమ్మ, కళ్ళు మూసుకుని. ఆమెకి అక్షరం రాదు, తెర కనపడదు. చెవులున్నాయి.

"ఆగిందేటి?"

"తప్పు పడినాది అత్తా, సరి సేస్తన్నాను."

"తప్పుతోనే నడు. రైలు ఎనక్కి పోదు."

ఆదివారం వర్క్‌షాపుకి సెలవు. సైరన్ లేదు. "ఈరోజు కూయలేదు కదత్తా," అని సత్యవాణి దుప్పటిలోంచి గెలిచిన గొంతుతో అంది. చిలకమ్మ వంటింట్లోకి వెళ్ళి స్టీలు పళ్ళెం తీసి గరిటెతో బాదింది. పక్క క్వార్టరు బెంగాలీ ముసలాయన "కీ హోలో, దీదీ?" అని ఏమైందో అడుగుతూ బయటికొచ్చాడు. "కిఛ్ఛు నా దాదా, సైరన్," అంది చిలకమ్మ, ఏమీ లేదన్నట్టు ఇంకో దెబ్బ వేస్తూ.

మొదట్లో మీటల చప్పుడు కట్టీ కట్టని కుళాయిలా ఉండేది. ఒక చుక్క, చాలాసేపటికి ఇంకో చుక్క. పదో రోజుకి చినుకులు కలుసుకున్నాయి. పదిహేనో రోజున రెండో సైరన్ మోగినా సత్యవాణి లేవలేదు. చిలకమ్మ కూడా లేవమనలేదు. అన్నం అడుగంటింది.

పరీక్ష రోజు మధ్యాహ్నం నుంచి చిలకమ్మ గుమ్మంలో కూర్చుంది. మబ్బులాంటి వీధిలోంచి ఎవరెవరో నడిచిపోతున్నారు. అడుగుల చప్పుడు బట్టి కోడలని గుర్తుపట్టింది.

"ముప్ఫై రెండు," అంది సత్యవాణి. ఊపిరి అందక గుమ్మం పట్టుకుంది. "పాసు, అత్తా."

"పండగలు పండగలు అనకుండా సెప్టెంబరులో మొదలెట్టుంటే నలభై వచ్చేవి," అంది చిలకమ్మ. అని, లోపలికి వెళ్ళి చాలాసేపు ముఖం కడుక్కుంది.

మర్నాడు మొదటి సైరన్ కూసింది. అలవాటు కొద్దీ చిలకమ్మ వచ్చి చాప మీద కూర్చుని చెవులు రిక్కించింది. చప్పుడు లేదు. మళ్ళీ మొదలుపెట్టింది వాయిదాలు, అనుకుని నోరు తెరవబోయింది. భుజం మీద చెయ్యి పడింది. సత్యవాణి చీర కట్టుకుని తయారుగా ఉంది. ఒక చేతిలో రైల్వే ఆసుపత్రి కార్డు, ఇంకో చేతిలో అత్తగారి చెప్పులు.

"లెగు అత్తా. సెలవు పెట్టినాను. టోటో బండి బయట ఉంది. రెండో సైరన్ లోపల ఎక్కాల."

"ఎండలు ముదరకముందే ఎల్దాములే, వచ్చే సోమవారం—"

"ఏ సోమవారం?" అంది సత్యవాణి, కూర్చుని అత్తగారి పాదాలకి చెప్పులు తొడుగుతూ. "ఏ సంవత్సరం?"