ఎర్రనీళ్ళలో పడిన కన్ను

నా చిన్నప్పుడు మా నాచారంలో ఒక కన్ను పడింది. మామూలుగా కన్ను పడటం మీకూ తెలిసే ఉంటుంది. అది ఎవరికీ కనబడకుండా పడుతుంది, పిల్లవాడికి జ్వరం వచ్చాకో పాలు విరిగాకో బయటపడుతుంది. ఇది అలాంటిది కాదు. అందరూ చూస్తుండగా, పట్టపగలు, 'టుప్' అని చప్పుడు చేస్తూ పడింది. నలభై దగ్గరపడి మా ఆయన మాటలు సరిగ్గా వినబడని ఈ చెవుల్లో ఆ చప్పుడు మాత్రం ఇంకా స్పష్టంగా ఉంది.

ఉప్పల్‌లో స్టేడియం కడతారట అనే పుకారే తప్ప ఇటుక మీద ఇటుక పడని రోజులవి. నాన్నకు నాచారం ఫ్యాక్టరీలో పని దొరికితే గుంటూరు వైపు నుంచి వచ్చి, ఒక పోర్షన్‌లో అద్దెకు దిగాం. పక్క పోర్షన్‌లో ఒక అక్క ఒంటరిగా ఉండేది. జనగామ వైపు ఊరు. మా వీధి చివరి బడిలో మాకు సోషల్ చెప్పేది. ముందు పోర్షన్ ఓనరమ్మది. ఆవిడకు దేవుడి మీద భక్తి ఎంతో చెప్పలేను గానీ, దిష్టి మీద భయభక్తులు అపారం. ఇంటికి దిష్టి తగలకుండా గుమ్మడికాయ, గుమ్మడికాయకు తగలకుండా నిమ్మకాయలు, నిమ్మకాయలకు తగలకుండా పాత చెప్పు, ఆ చెప్పుకు తగలకుండా దాని మీద ఒక కాటుక చుక్క.

ఓనరమ్మ కూతురు మగపిల్లాణ్ణి కని దవాఖానా నుంచి ఇంటికొచ్చిన రోజు కాంపౌండంతా గేటు దగ్గర చేరింది. ఓనరమ్మ పళ్ళెంలో పసుపూ సున్నమూ కలిపిన ఎర్రనీళ్ళు పట్టుకుంది. అది చాలదని లోపల నిప్పుల మీద దిష్టి తీసిన ఎండుమిరపకాయలు వేయించింది. గుప్పెడు మిరపకాయలే అన్నారు గానీ, వరంగల్ మార్కెట్‌లో మిర్చి లారీ తగలబడినట్టు వచ్చింది పొగ. దగ్గులే దగ్గులు. పసివాణ్ణి చూద్దామని వంగిన పక్క పోర్షన్ అక్క కూడా దగ్గుతూ కళ్ళు నులుముకుంది. సరిగ్గా అప్పుడే ఓనరమ్మ పళ్ళెం పైకెత్తి, "ఎవ్వరి కన్ను వడ్డదో ఏమో నా మనుమని మీద!" అంది.

టుప్.

పళ్ళెంలో కన్ను. నల్లగుడ్డు పైకి పెట్టుకుని, ఎర్రనీళ్ళలో అటూ ఇటూ ఊగుతూ, మమ్మల్ని ఒక్కొక్కరినీ పేరుపేరునా చూస్తోంది. ఓనరమ్మ పెట్టిన కేకకు హబ్సిగూడ చౌరస్తాలో బస్సులు ఆగిపోయాయని తర్వాత చెప్పుకున్నారు. మా అమ్మ ముందు నా కళ్ళు మూసింది, వెంటనే తన కళ్ళు మూసుకోవడానికి చేతులు కావాల్సొచ్చి నావి వదిలేసింది. అందుకే నేను మొత్తం చూడగలిగాను. అక్క ఎడమ రెప్ప లోపలికి వాలిపోయి ఉంది. ఒంట్లో భాగాలు ఇలా రాలిపోతాయా అని నేను నా ముక్కు పట్టుకుని చూసుకున్నాను.

అక్క ఒక్కతే తొణకలేదు. "అరిసింది సాలు గని పెద్దమ్మా, జర చెంబెడు మంచినీళ్ళియ్యి. కన్ను కడుక్కోవాలె" అంది.

చెంబు ఎవరూ తేలేదు. పళ్ళెంలో చెయ్యి ఎవరూ పెట్టలేదు. అక్కే దాన్ని తీసుకుని, గుప్పిట్లో పెట్టుకుని, తన పోర్షన్‌లోకి వెళ్ళిపోయింది. చిన్నతనంలో చీపురుపుల్ల బాణం తగిలి కన్ను పోయిందని, అది పెట్టుడు కన్నని అప్పుడు తెలిసింది మాకు.

సాయంత్రం ఓనరమ్మ తీర్పు చెప్పింది. "నీ మీద నాకేం కోపం లేదు టీచరమ్మా. గని పసిపోరడున్న ఇల్లు. పొద్దుగాల లేస్తే ఒంటికన్ను ఎదురైతే ఎట్ల? ఒకటో తారీఖుకు ఖాళీ జెయ్యి." ఉప్పల్ నుంచి కాప్రా దాకా ఎన్నో ఇళ్ళు ఆ కన్ను గురించి చెప్పినందుకే తనను కాదన్నాయని, చెప్పకుండా ఉంటే దొరికింది ఈ ఒక్క ఇల్లేనని ఆ తర్వాత అక్క మా అమ్మతో అంది. ఇదీ పోతే బడి వదిలి ఊరెళ్ళిపోవడమేనట. మా అక్క లేని బడి ఎలా ఉంటుందో ఊహించి నేను అన్నం మానేశాను. రెండోసారి వడ్డించేది మాత్రమే.

మర్నాడు పొద్దున్న లేచి చూస్తే అక్క తలుపు మీద తలుపంత కన్ను. బట్టలకు పెట్టే నీలిమందుతో గీసింది. పైన బారు కనుబొమ్మ, కింద కన్నీటి చారలాంటి గీత, దాని పక్కన నత్తలా చుట్టుకున్న ఒక వంపు. ఓనరమ్మ చేతిలోని ముగ్గుచిప్ప జారిపోయింది. "ఏందే ఇది!" అంది. అక్క జడ అల్లుకుంటూ తీరిగ్గా చెప్పడం మొదలుపెట్టింది. నేను నోట్లో పళ్ళపొడితో నిలబడి, ఉమ్మడం మరిచిపోయి విన్నాను.

వేల ఏళ్ళ కిందట ఈజిప్టులో గద్దతల దేవుడు ఒకడున్నాడట. తండ్రి రాజ్యం కోసం సొంత బాబాయితో కొట్లాట. పీర్జాదిగూడలో ప్లాటు గురించి మరిదితో కోర్టులో ఉన్న ఓనరమ్మకు ఇది ఇట్టే అర్థమైంది. "పాలోళ్ళు గంతే!" అని దాయాదులందరినీ కలిపి తిట్టి చతికిలబడి కూర్చుంది. ఆ కొట్లాటలో బాబాయి ఆ దేవుడి కన్ను పీకేశాడు. ఇంకో దేవుడు దాన్ని బాగుచేసి తిరిగి పెట్టాడు. ఆ దేశపు జనం తాయెత్తుగా మెళ్ళో కట్టుకున్నది ఆ కన్నునే. ఎన్నడూ దెబ్బ తగలనిదాన్ని కాదు, దెబ్బ తిని బాగైనదాన్ని. నీలిరంగు పూసల్లో చేసి బతికున్నవాళ్ళకూ కట్టారు, చచ్చినవాళ్ళకూ కట్టారు.

అంతటితో ఆగితే అక్క ఎందుకవుతుంది? వాళ్ళ తాయెత్తుల్లో పేడపురుగు కూడా ఉందని చెప్పింది. ఓనరమ్మ బుగ్గ నొక్కుకుంది.

"పేడపురుగునా? మెడలనా?"

"అవ్ పెద్దమ్మా. గది పేడ ఉండను నూకుకుంట పోతది గదా. పొద్దును గూడ ఎవరో గట్లనే నూకుతున్నరనుకున్నరు. రోజూ మళ్ళ పుట్టుడన్నట్టు."

కప్ప తాయెత్తు సుఖంగా కాన్పు కావడానికట. నిండు చూలాలైన నీటిగుర్రం బాలింతకూ బిడ్డకూ కాపలా అట. ఈ లోకంలో మనుషులు మెడలో కప్పల్నీ నీటిగుర్రాల్నీ వేలాడదీసుకు తిరిగారని విన్న దిగ్భ్రాంతిలో నేను పళ్ళపొడి మింగేశాను. అంతలో కిటికీలోంచి బాలింత గొంతు వినబడింది. "అమ్మా, గా కన్ను నా కొడుకు ఉయ్యాలకు గూడ గీయమను!"

ఓనరమ్మ లేచి, కొంగు దులుపుకుని, "ఖాళీ గీళీ ఏం లేదు. ఆ నీలిమందు జర ఉన్నదా?" అంది.

వారం తిరక్కముందే మా కాలనీకి కళ్ళొచ్చాయి. ఆటోల వెనక కన్ను, ఇడ్లీ బండి మీద కన్ను, కిరాణా షట్టరు మీద కన్ను. నాచారంలో నీలిమందు దొరక్క జనం తెల్లబట్టలు మానేశారు. చుక్క పెట్టిన ఆ చెప్పును ఓనరమ్మ స్వహస్తాలతో విసిరేసింది. ఆవిడ బయటికి వెళ్ళాలంటే మా అక్క ఎదురు రావలసిందే. బడికి టైమవుతోందన్నా వినదు. "ఒక్క అడుగు ఎదురొచ్చి పో టీచరమ్మా, కోర్టు పనున్నది" అని గేటు దగ్గర నిలబెట్టేది.

గెలిచాం అనుకున్నాను. ఒక సాయంత్రం ఉబ్బితబ్బిబ్బవుతూ, "అక్కా, ఇప్పుడు నువ్వే మా కాలనీకి తాయెత్తువి!" అన్నాను. అక్క నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"మొన్నటిదాంక అపశకునం అన్నరు. ఇయ్యాల తాయెత్తు అంటున్నరు. ఈ రెండిట్ల నేనేడున్న, పిల్లా?"

కన్ను పళ్ళెంలో పడ్డప్పుడు కూడా నేను అంత అదిరిపడలేదు. కిరాయి ఇల్లు నిలిచింది, ఉద్యోగం నిలిచింది, కథ బ్రహ్మాండంగా పనిచేసింది. అయినా అందరం చూస్తున్నది ఇంకా ఆ కన్నునే. దాని చుట్టూ ఉన్న మనిషిని ఎవరూ చూడటం లేదు. నేనైతే అసలే లేదు.

అక్క నా మొహం చూసి జాలిపడిందేమో, దగ్గరికి పిలిచి, కన్ను తీసి నా అరచేతిలో పెట్టింది. గోళీలా ఉంటుందనుకున్నాను. కాదు, చిన్న అల్చిప్పలా ఉంది. వెచ్చగా, తేలిగ్గా. "జూసినవా, ఏం మహిమ లేదు. ప్లాస్టిక్కు. కడిగి తీస్కరా పో" అంది. నేను కుళాయి దగ్గరికి వెళ్ళి, గాజు గిన్నె కడిగినంత జాగ్రత్తగా కడిగి, తెచ్చి ఇచ్చాను. "శాన మంచిది బిడ్డా" అంది. ఇంటి తాళంచెవి అందించిన వాళ్ళకు థాంక్స్ చెప్పినంత మామూలుగా.

ఆ తర్వాత చాలా ఏళ్ళు అక్క అక్కడే ఉంది. ఆ నీలి కన్నులన్నీ వానలకు కొట్టుకుపోయాయి. నాకు మాత్రం ఒక అలవాటు మిగిలిపోయింది. పెళ్ళిలో గానీ పేరంటంలో గానీ ఎవరైనా "కన్ను పడింది" అంటే, పక్కవాళ్ళు మొహమొహాలు చూసుకుంటారు, నేను నేల చూస్తాను. దొరికితే కడిగి, ఎవరిది వాళ్ళకు ఇచ్చేద్దామని.