రెండు మూపురాల నక్షత్రం

దేశాలు పట్టి తిరిగేవాడికి ఒక లాభం ఉంది: తనకు పని లేకపోయినా, పనిచేసేవాళ్లను తీరిగ్గా చూడవచ్చు. ఒక రేడియో టెలిస్కోపు ఆఫీసులో నేనలా చూసినవాణ్ణి అందరూ "రెండు చెవులాయన" అనేవారు.

పల్సర్ అంటే గిర్రున తిరిగే చచ్చిన నక్షత్రం. తిరిగినప్పుడల్లా దాని రేడియో స్పందన ఒకటి మనను తాకిపోతుంది. అదే స్పందనను ఎక్కువ పౌనఃపున్యంలోనూ తక్కువ పౌనఃపున్యంలోనూ విని పోల్చడం ఆయన ఉద్యోగం. దారిలోని పలచని వాయువు వల్ల తక్కువ పౌనఃపున్యపుది వెనకబడుతుంది. అన్నదమ్ములిద్దరూ ఒకేసారి సంత నుంచి బయల్దేరినా, కనబడ్డవాణ్ణల్లా పలకరించేవాడు ఆలస్యంగా ఇల్లు చేరినట్టే.

ఇన్నేళ్ల కొలువులో ఆయన పేరు మీద కొత్త సంగతి ఒక్కటీ లేదు. ఆ ఏడు దొరికింది. కొత్త రిసీవరుతో మరీ తక్కువ పౌనఃపున్యంలో వింటే, ఒక పల్సర్ ఆలస్యం పాత లెక్కను మించిపోయింది. మధ్యలో ఏదో వాయుమేఘం అడ్డొచ్చిందన్నాడు. సోమవారం పెద్దల ముందు చెప్పాలి. చొక్కా ఇస్త్రీ కూడా అయింది.

ఆదివారం నేను వాళ్లింట్లో ఉండగా, చాన్నాళ్లకు ఆయన అక్క వచ్చింది. గుమ్మంలోనే చిన్నకూతురి గడ్డం పట్టుకుంది.

"ఏమే పెద్దదానా, మేనత్తను మర్చిపోయావా?"

"నేను చిన్నదాన్ని అత్తా. అక్క అదిగో, సోఫాలో."

పెద్దకూతురు పుస్తకంలోంచి తలెత్తింది. "పొడుగ్గా ఉంటే పెద్దదైపోతుందా అత్తా? అలాగైతే మా బీరువా అందరికీ అక్క."

అందరూ నవ్వారు. ఆయన టీ కప్పు కింద పెట్టేశాడు.

"ఆఫీసుకి వెళ్లొస్తా."

"మీ అక్క ఇప్పుడే కదండీ వచ్చింది," అంది భార్య. "నక్షత్రం ఎక్కడికి పోతుంది?"

"నక్షత్రం పోదు. మేఘమే పోయేట్టుంది."

నేనూ వెంట వెళ్లాను. తెర మీద ఆ స్పందన గీత రెండు మూపురాల ఒంటెలా ఉంది. పోల్చేటప్పుడు ఆయన రెండు పౌనఃపున్యాల్లోనూ ఎత్తైన మూపురాన్నే పట్టుకుని జతచేశాడు. ఎక్కువ పౌనఃపున్యంలో ఎడమది ఎత్తు. కొత్త రిసీవరులో ఎడమది కుంగి, దాని వెనక వచ్చే కుడిది లేచింది. అక్క అనుకుని చెల్లెలి గడ్డం పట్టుకున్నాడన్నమాట. పౌనఃపున్యం మారితే మూపురాలు అలా మారతాయని కొత్తగా చేరినవాళ్లకు మొదటి పాఠం చెప్పేది ఆయనే.

ఎడమకు ఎడమ కలిపి చూశాడు. ఆలస్యం పాత లెక్కకు వచ్చి కూర్చుంది.

"ఎవరూ కనిపెట్టరేమో," అన్నాను.

"వచ్చే ఏడు ఒకడు కనిపెడతాడు. కొత్త సంగతి వాడి పేరు మీద పడుతుంది. ఆ దానం నేనెందుకు చెయ్యాలి?"

తన వంతు ఇంకెవరికైనా ఇమ్మని ఆఫీసు పెద్దాయనకు ఫోన్లో చెప్పేశాడు.

సోమవారం ఇస్త్రీ చొక్కా వేసుకునే వెళ్లాడు. వెనక వరసలో కూర్చుని, తన వంతులో మాట్లాడినవాణ్ణి రెండు ప్రశ్నలు అడిగాడు.