బల్ల కింద డబ్బా, బల్ల మీద అమెరికా

మొన్న హిందూపురం బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దమనిషి, అమెరికా అధ్యక్షుడు యుద్ధం విషయంలో ఏం చేసి ఉండాల్సిందో తన ఫోనుకు గట్టిగా వివరిస్తూ వచ్చాడు. అవతల ఎవరో వింటున్నారనుకున్నాను; కాదట, తన అభిప్రాయాన్ని రికార్డు చేసి తెలిసినవాళ్లందరికీ పంపుతున్నాడట. వింటూ ఉండగా నా కాళ్లు వాటంతటవే సీటు కిందికి ముడుచుకుని బిగుసుకున్నాయి. అమెరికా యుద్ధం మాట వినపడితే నా కాళ్లకు ఇరవయ్యేళ్లుగా ఉన్న జబ్బు అది. దాని సంగతి మన వయసువాళ్లకైతేనే చెప్పగలను. ఇప్పటివాళ్లకు ముందు నెట్ సెంటరంటే ఏమిటో చెప్పాల్సి వస్తుంది.

చిలమత్తూరులో నేను అట్లాంటి సెంటరొకటి నడిపిన రోజులవి. డిగ్రీ నేను పూర్తి చేశానని ఊళ్లో అనుకునేవాళ్లు గానీ, డిగ్రీయే నన్ను పూర్తి చేసిందని నాకు తెలుసు. మూడు కంప్యూటర్లు, ఒక ఫోను తీగ. పేరుకు నెట్టు, నిజానికి నెట్టాల్సింది మేమే. కాలేజీ పిల్లలు తుపాకుల ఆట ఆడడానికి వచ్చేవాళ్లు. వాళ్ల వెనకాలే పెద్దవాళ్లు టీ గ్లాసులతో వచ్చి బెంచీ మీద కూర్చునేవాళ్లు. వాన లేని ఏడు కాబట్టి చేలల్లో ఎవరికీ పని లేదు. అమెరికా ఇరాక్ మీద పడి, అక్కడ దాచిన విషపు ఆయుధాల కోసం వెతుకుతున్న ఏడాది కూడా అదే. అవి దొరికాయా లేదా అని రోజూ నన్నే అడిగేవాళ్లు. కంప్యూటరున్నవాడికి అమెరికా తెలియకుండా ఎట్లా ఉంటుందని వాళ్ల నమ్మకం.

"ఉంటే గదప్పా దొరికేదానికి!" అని మా చిన్నాయన తేల్చేసేవాడు. "తప్పిపోయిన నీ ఎనుము యాడుండాదో నీకు తెల్దు, అమెరికాకు చెప్తాండావే" అని మా మామ తగులుకునేవాడు. నేను గంభీరంగా తల ఊపేవాణ్ణి, అవునని ఊపానో కాదని ఊపానో నాకే తెలిసేది కాదు.

మేఘాల్లో మందు చల్లే విమానం మా మీదుగా తిరగడం మొదలైందీ ఆ రోజుల్లోనే. సర్కారువాళ్లు మేఘమథనమన్నారు. మావాళ్లు మాత్రం అది అమెరికా విమానమనీ, ఉన్న నాలుగు మేఘాలనూ కర్ణాటకకు తోలేస్తోందనీ అన్నారు. దాని చప్పుడు వినపడగానే, చిలమత్తూరుకు బస్సు దూరంలోని మా ఊళ్లో ఆడా మగా చేలల్లోకి పరుగెత్తి, అడవిపందుల్ని తోలినట్టే తట్టలూ పళ్లేలూ మోగించి దాన్ని తరిమేవాళ్లు. వాన తేవడానికి వచ్చినదాన్ని వాన కోసమే తరిమారు పాపం. చెనిక్కాయకు, అంటే వేరుశనగకు, ఊడలు నేలలోకి దిగి కాయ పట్టే అదను అది. ఆ వారంలో ఒక్క వాన పడకపోతే చేను గొడ్ల మేతకే. మా నాయన చేనుకు వరసగా అంతకుముందు రెండేళ్లూ జరిగింది అదే.

అప్పుడొక పొద్దున అమ్మ బస్సు దిగి సెంటరుకు వచ్చింది. సంచిలో పాత చీర చుట్టి తెచ్చినదేదో నా బల్ల కిందికి తోసి, "ఇది ఈడుండనీ. మీ నాయన కంట పడనీయద్దు" అని, మంచినీళ్లయినా తాగకుండా తిరుగు బస్సెక్కింది. విప్పి చూస్తే పురుగుమందు డబ్బా. మాకు పెదనాయన వరసయ్యే ఆయన పక్కూళ్లో ఆ దారినే పోయి నెల కూడా కాలేదు. ఆ కాలంలో మా వైపు ఆడవాళ్లు నగల కంటే ముందు ఈ డబ్బాలనే దాచేవాళ్లు, పిడకల కిందో, గింజల గాదెలోనో. మా ఇంట్లో నాయన చెయ్యి తగలని చోటు లేదు కాబట్టి, నా దగ్గరికి తెచ్చింది.

ఆ రోజు నుంచీ నా పాదాలు ఆ మూట మీదే. బల్లకు అటువైపు, విషం యాడ దాచినారో యాడ దాచినారో అని పెద్దల వాదన. నవ్వు రావాల్సిన చోట నాకు చెమటలు పట్టేవి. నాయన ఈ రోజు చేలో ఒక్కడే ఉన్నాడా, ఇంకో డబ్బా ఎవరి దగ్గరైనా అడిగాడా అని లోపల ఒకటే గుబులు.

ఒక మధ్యాహ్నం గుమ్మంలో నాయన నిలబడి ఉన్నాడు. సెంటర్ పెట్టినప్పటి నుంచీ ఒక్కసారైనా రాని మనిషి. డబ్బా కోసమే వచ్చాడనుకుని రెండు కాళ్లూ దాని మీద బిగించాను. ఆయన ఆట ఆడుతున్న కుర్రాడి వెనక కాసేపు నిలబడ్డాడు.

"ఎవుర్ని చంపుతాండావబ్బీ?"

"శత్రువుల్ని తాతా!"

"ఏం చేసినారు వాళ్లు నిన్ను?"

కుర్రాడు సమాధానం వెతుక్కునేలోగా వాడి సైనికుడు చచ్చిపోయాడు. నాయన వచ్చి నా పక్కన స్టూలు మీద కూర్చుని, "దీంట్లో మోడాలు అగపడతాయంట గదా, చూపియ్యి" అన్నాడు. ఉపగ్రహం తీసిన బొమ్మ పైనుంచి గీతా గీతా దిగసాగింది. కాశ్మీరం వచ్చింది, ఢిల్లీ వచ్చింది, కోస్తా మీద తెల్లగా మేఘం వచ్చింది. "మనం యాడుండాం?" అన్నాడు. వేలు పెట్టి చూపించాను. అక్కడ ఏమీ లేదు. నాయన అద్దాన్ని బొటనవేలితో రుద్ది మళ్లీ చూశాడు, దుమ్ము అడ్డమొచ్చిందేమో అన్నట్టు.

తెర మీంచి చూపు తిప్పకుండానే, మెల్లగా అన్నాడు: "కాళ్లు అట్ల బిగబట్టద్దురా, తిమ్మిరెక్కుతాయి. డబ్బా ఈడుండాదని నాకు తెలుసు. ఇంట్లో ఉంచద్దని మీ యమ్మకు చెప్పింది నేనే. నా మింద నాకే నమ్మకం చాల్తాలేదు. మళ్లా నేనొచ్చి అడిగినా ఇయ్యద్దు."

ఆయన లేచి వెళ్లి బెంచీ మీద మామ పక్కన కూర్చుని, అమెరికావాళ్లు వెతకాల్సిన చోట వెతకడంలేదని తన అభిప్రాయం తాను చెప్పాడు. మర్నాడూ వచ్చాడు. ఆ తర్వాత రోజూ వచ్చాడు. వాన రాలేదు, చేను గొడ్ల పాలైంది, నాయన మాత్రం మధ్యాహ్నం బస్సు తప్పనీయలేదు. ఆ బెంచీ మీదివాళ్లెవరూ అమెరికా కోసం రావడంలేదనీ, ఇంట్లో ఒంటరిగా ఉండడానికి జడిసి వస్తున్నారనీ అప్పుడు గానీ నాకు అర్థం కాలేదు. డబ్బాను ఊరి బయట లోతుగా గొయ్యి తీసి పూడ్చేశాను. నాయన దాన్ని ఎన్నడూ అడగలేదు. చాలా ఏళ్లు బతికి, ముసలితనంతో, మామూలుగా పోయాడు.

సెంటర్ ఎప్పుడో మూతపడింది. మేఘాలు ఎవరి జేబులో వాళ్లకున్నాయి, ఆటలూ యుద్ధాలూ అంతే. అమెరికా మీద అభిప్రాయమైతే మనం అడక్కుండానే వచ్చి పడుతుంది. వానలు మాత్రం ఇప్పటికీ ఎగ్గొడుతూనే ఉన్నాయి. అట్లాంటి ఏడు తన మీద తనకు నమ్మకం చాలని మనిషి, ఏదో ఒక సాకు చెప్పుకుని, ఎవరి గుమ్మం ఎక్కి కూర్చుంటున్నాడో నాకు తెలియడంలేదు.