అర మెట్టు పైన

ఒక మీట గురించి చెప్పాలి మీకు. చిటికెన వేలి గోరంత ఉంటుంది. పదేళ్ళు దాటింది, అది నా గుండె మీద నుంచి లేవలేదు. ఇంట్లో చెప్పలేదు. స్నేహితులకు చెప్పలేదు. చెప్పాల్సిన మనిషికి అసలే చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకేనేమో నోరు పెగులుతోంది.

మేము ముగ్గురం. నేను కర్నూలులో కాలేజీ లెక్చరర్ని, కీబోర్డు వాయిస్తాను. బెంగళూరులో చదివే రోజుల్లో జాజ్ పిచ్చి పట్టింది. అందులోనూ పాట అంటూ ముందే ఏదీ అనుకోకుండా, ఒకరి మాటకు ఒకరు బదులు చెప్పినట్టు అప్పటికప్పుడు వాయించుకుంటూ పోయే రకం. ఊరికి తిరిగొచ్చాక దానికి తోడెవరు దొరుకుతారు? పాతబస్తీలో పెళ్ళిళ్ళకు బ్యాండు వాయించే మస్తాన్ దొరికాడు. తాతల నాటి నుంచి వాళ్ళది బ్యాండే, ఆయనది క్లారినెట్. ఆత్మకూరు పక్క పల్లె నుంచి తప్పెట భుజాన వేసుకుని ఓబులేసు వచ్చాడు. బ్యాండు వాళ్ళ జరీ కోట్లు వేలాడే రేకుల షెడ్డులో ఆదివారాలు కూర్చునేవాళ్ళం. "ఈళ్ళను పెండ్లికి పిలిస్తే పెండ్లికొడుకు పారిపోతాడు" అని వీధిలో నవ్వేవాళ్ళు. పిచ్చి మేళం అని పేరు పెట్టారు. మేమూ ఆ పేరే ఉంచుకున్నాం.

మాకున్న నియమం ఒక్కటే, అది మస్తాన్ తెచ్చింది. ఊరేగింపులో ఒకడి స్వరం జారితే బ్యాండంతా ఆ జారిన చోటికే పోవాలట. అప్పుడది తప్పు కాదు, పాటలో మలుపు. "ఒకడు జారితే అందరం జారాల. వాణ్ని ఒంటరిగా ఇడిసిపెట్టకూడదు" అనేవాడు. నేను పుస్తకాల్లో వెతుక్కున్న సంగీతం ఆయన వీధిలో నడుస్తూ నేర్చుకున్నాడు. నాకది ముచ్చటగా ఉండేది. తర్వాత తర్వాత కంటగింపు అయింది.

ఎందుకంటే, బెంగళూరు నుంచి ఒకాయన మా వాయింపు వినడానికి వచ్చాడు. రికార్డింగుకు మస్తాన్ ఒక్కణ్ణే పిలవాలనుకుంటున్నానని నాతోనే అన్నాడు. గండికోటలో మా కచేరీ ఉంది, అక్కడ ఇంకోసారి విని ఖాయం చేస్తానన్నాడు. మేళం కూర్చినవాణ్ని నేను. నన్ను దాటి ఆయన చూపు వెనకాల కూర్చున్న మస్తాన్ మీదికి పోయింది. ఈ మాట మస్తాన్‌కు చెప్పలేదు. కచేరీ అయ్యాక చెబుదాంలే అనుకున్నాను.

కచేరీ సాయంత్రం పూట, కోట బయట, గాలి విపరీతం. బెంగళూరాయన ముందు వరసలోనే కూర్చున్నాడు. ముందురోజు నేనొక గృహప్రవేశంలో పాడే అమ్మాయి గొంతుకు సరిపడేలా ఆ మీట నొక్కాను. నొక్కితే కీబోర్డులోని స్వరాలన్నీ అర మెట్టు పైకి పోతాయి. నా పాత కీబోర్డు ఆపినా ఆ సంగతి మరిచిపోదు. మరిచిపోయింది నేను.

మస్తాన్ ఒక్కడే మొదలుపెట్టాడు. ఆయన ఆగిన స్వరం దగ్గర నేను అందుకున్నాను. కలవలేదు. ఆయన జారాడనుకుని నేను ఆయన వైపు జరిగాను. నేను జారాననుకుని ఆయన నా వైపు జరిగాడు. ఒకరి కోసం ఒకరం జరుగుతూ ఎక్కడా కలుసుకోలేదు. ఆయన మధ్యలో ఆగి క్లారినెట్ గొట్టాన్ని అతుకు దగ్గర అటూ ఇటూ జరిపి శ్రుతి సరిచేసుకున్నాడు, మళ్ళీ ఊదాడు, మళ్ళీ ఆగాడు. చివరికి దాన్ని ఒళ్ళో పెట్టుకుని తల వంచుకున్నాడు. ఓబులేసు తప్పెటే ఎలాగో కచేరీని గట్టెక్కించింది.

వైర్లు చుడుతుంటే కనిపించింది, ఆ మీట పక్కన వెలుగుతున్న ఎర్ర చుక్క. ఇక్కడిదాకా పొరపాటే. పొరపాటుకు నేనింత కుమిలిపోను.

తిరుగుదారిలో టీ బంకు దగ్గర ఆగాం. మస్తాన్ గ్లాసు ముట్టలేదు.

"నా చెవి పోయిందప్పా" అన్నాడు.

నేను గ్లాసు ఆయన ముందుకు జరిపాను.

"మా అబ్బాకూ ఇట్లే మొదలైంది. పెద్ద డ్రమ్ముల పక్కన నిలబడి నిలబడి. నువ్వు యాడో ఉండావు, నేను యాడో ఉండా. నిజం చెప్పు, జారింది నేనే గదా?"

"నా కీబోర్డు..." అని మొదలుపెట్టాను.

"అది మిషను. అదెట్ల తప్పు పలుకుతాది?"

నిజం చెప్పడానికి తలుపు ఆయనే తెరిచాడు చూడండి. ఒక్క వాక్యం చాలు. నేనేమన్నానో తెలుసా? "డాక్టరుకు ఒకసారి చూపించుకోన్నా" అన్నాను. ఎందుకన్నాను? భయమా? పరువా? కాదు, అసూయ. ఆయన మొహం చూసి బాధ వేసింది. ఆ బాధ అడుగున ఇంత సంతోషం కూడా ఉంది. అది నాకు తెలుసు.

డాక్టరు పరీక్ష చేసి వినికిడి కొంచెం తగ్గిందన్నాడట. బ్యాండు వాయించే ఎవరికి తగ్గదు? మస్తాన్‌కు ఆ మాట చాలింది. క్లారినెట్ మళ్ళీ ముట్టలేదు, పెళ్ళిళ్ళకు కూడా. బెంగళూరాయన ఫోన్ చేస్తే "పాపం, ఆయనకు చెవులు బాగాలేవు" అన్నాను. మేళం చెదిరిపోయింది.

మస్తాన్ ఇప్పుడు ఆటో నడుపుతున్నాడు. పోయిన నెల కొండారెడ్డి బురుజు దగ్గర చెయ్యెత్తితే ఆగింది ఆయన ఆటోనే. "ఎక్కప్పా, శానా రోజులాయె" అని నవ్వాడు. నేను ఏమన్నా తల తిప్పి చెవి ఇటు పెడుతున్నాడు. వినపడదని తనే నమ్మిన మనిషి కదా. వెనక నుంచి బస్సు హారన్ కొట్టింది.

"విన్నావా? దాంట్లో రెండు సుతులుండాయి. కిందిది రవ్వంత దిగి పలుకుతాండాది."

రెండు శ్రుతులున్న సంగతే నాకు తెలియలేదు. బస్సు మళ్ళీ కొట్టినప్పుడు చెవి రిక్కించి విన్నాను. రవ్వంత దిగే పలుకుతోంది.

"యాడిదిలే, నా చెవిటి చెవికి అట్ల వినబడుంటాది" అని ఆయనే నవ్వేసి గేరు మార్చాడు.

దిగాల్సిన చోటు కంటే ముందే దిగిపోయాను. చెబుదామనే అనుకున్నాను, నన్ను నమ్మండి. నమ్మకపోయినా సరే. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. ఆయన చేతిలో ఉంది, ఆ చేతిలో ఇప్పుడు ఆటో హ్యాండిలుంది.

మస్తానన్నా, నీ చెవి బాగుంది. ఆ రోజు జారింది నేను. నా కోసం నువ్వు జరిగి జరిగి వచ్చావు. నేను నిన్ను ఒంటరిగా వదిలేశాను.

ఈ మాట ఆయనతో అనలేదు, మీతోనే అన్నాను. అయినా ఊపిరి కొంచెం ఆడుతోంది. అదీ సిగ్గుగానే ఉంది.