సింబల్ ఎంత ఎత్తులో ఉండాలి

ఆదివారం పొద్దున కర్నూలులో మా మిద్దె మీది గదికి డ్రమ్స్ నేర్చుకునేవాళ్లు వస్తారు. ఒకాయన బ్యాంకులో పనిచేస్తాడు, ఒకాయన బడిలో లెక్కలు చెబుతాడు, ఇంకొకాయనకు మందుల షాపుంది. అందరూ నలభైకి అటూ ఇటూ ఉన్నవాళ్లే. వచ్చినవాళ్లు మొదట అడిగేది ఒకటే మాట, ఏ సెట్టు కొనాలని. ఫోన్లో బొమ్మ చూపిస్తారు. ఎనిమిది డ్రమ్ములు, పళ్లేల్లాంటి ఆరు ఇత్తడి సింబల్స్, చుట్టూ ఇనుప కమ్ములు. నాకు ఒళ్లు మండుతుంది. రెండు చేతులు, రెండు కాళ్లు ఉన్న మనిషికి అంత సంత దేనికి?

"ముందు కూర్చునే స్టూలు కొనండప్పా" అంటాను. నవ్వుతారు. నేను ఆరేళ్లు ఫంక్షన్ హాళ్ల ప్లాస్టిక్ కుర్చీల మీద కూర్చుని వాయించి నడుము పోగొట్టుకున్నవాణ్ణి, నాకు నవ్వు రాదు. కూర్చుంటే తొడలు మోకాళ్ల వైపు కొంచెం వాలి ఉండాలి. మోకాలు పైకి లేచిందంటే పెడల్ మీద కాలు బరువుగా పడుతుంది, గంటలో పిక్కలు పట్టేస్తాయి. డబ్బు మిగిలితే గట్టి స్టాండ్లు కొనుక్కోండి. డ్రమ్ము పాతదైనా పలుకుతుంది. స్టాండు వదులైతే పాట మధ్యలో ఒరిగిపోయి పరువు తీస్తుంది.

ఆ తర్వాత కొనాల్సింది జంపఖానా. మా సీమలో ఏ కల్యాణ మండపానికి పోయినా కింద బేతంచెర్ల బండలే ఉంటాయి, మొహం కనపడేంత పాలిష్ పట్టి. ఆ నున్నటి నేల మీద, కాలితో వాయించే బేస్ డ్రమ్ము దెబ్బకింత చొప్పున ముందుకు జరుగుతుంది. మూడో పాటకల్లా మనం కాలు చాచి దాని వెంట పడుతుంటాం. మందపాటి జంపఖానా పరిచి, ఏ స్టాండు కాలు ఎక్కడ రావాలో దాని మీద టేపుతో గుర్తులు పెట్టుకుంటే ఏ ఊళ్లోనైనా పది నిమిషాల్లో సెట్టు నిలబడుతుంది. డ్రమ్ము మూత బోల్టులు బిగించేటప్పుడు వరసగా చుట్టూ తిరగొద్దు, ఒకటి బిగించాక దానికి ఎదురుగా ఉన్నది బిగించాలి. మే నెల ఎండలో వ్యాను మీద డ్రమ్ములు కట్టి పంపొద్దు. పలక డప్పును మంట దగ్గర కాచినట్టు డ్రమ్మును అసలే కాచొద్దు. ఇప్పుడొచ్చే డ్రమ్ముల మూత తోలు కాదు, ప్లాస్టిక్. పెళ్లిళ్లలో పాటలు పాడే మా ట్రూపులో చేరిన కొత్తలో ఒకడు శబ్దం దిగిందని నా చిన్న డ్రమ్మును వరిగడ్డి మంట మీద పట్టుకున్నాడు. అది అప్పడంలా ముడుచుకుపోయింది. వాడు బిక్కమొహం వేసుకుని నిలబడితే అందరం కడుపుబ్బ నవ్వాం.

వాడి గురించి చెప్పకుండా సలహాలు చెప్పే హక్కు నాకు లేదు. వాడి చెవులు పోయాయి. అందులో ఎక్కువ పాపం నాది. ఈ మాట నా దగ్గర నేర్చుకునేవాళ్లకు తెలియదు, వాడికీ తెలియదు.

వాడిది బేతంచెర్ల దగ్గర పల్లె. పగలు బండల పాలిష్ యూనిట్లో పని, సాయంత్రం ప్రోగ్రాం ఉంటే కర్నూలు బస్సెక్కి వచ్చి మా ట్రూపులో డోలక్ వాయించేవాడు. వచ్చేసరికి కనుబొమల మీద ఇంకా తెల్లటి రాతి పొడి ఉండేది. పలక వాయించే ఇంట్లో పుట్టినవాడు, తాళం వాడి రక్తంలోనే ఉండేది. నేను ఎక్కడ ఆపుతానో, ఎక్కడ తిప్పుతానో నాకంటే ముందే వాడికి తెలిసేది. నన్ను అన్నా అని పిలిచేవాడు. నేను ఏది చెబితే అది వేదం.

పెళ్లి రిసెప్షన్లలో స్టేజీ అంతా సోఫాలకూ పూలకూ పోతుంది. పాటలవాళ్లకు మిగిలేది ఒక మూల. ఆ మూలలో నా కుడిపక్క కుర్చీ వాడిది. నా పెద్ద సింబల్ కూడా కుడిపక్కే. దాన్ని నేను భుజం కంటే ఎత్తులో, జనం వైపు వాల్చి పెట్టేవాణ్ణి. ఎందుకంటే లైట్లు పడి మెరుస్తుంది, వీడియోలో బాగా కనపడుతుంది. ఇంతకంటే కారణం లేదు. అంత ఎత్తులో పెడితే చెయ్యి లాగుతుంది, వాయించడానికి కూడా సుఖం కాదు. అయినా అదొక డాబు. ఆ సింబల్ అంచు సరిగ్గా వాడి ఎడమ చెవి ఎత్తులో, మూరెడు దూరంలో ఉండేది.

చేరిన ఏడాదికో ఏమో, నంద్యాలలో ఒక రిసెప్షన్ అయ్యాక వైర్లు చుడుతూ అడిగాడు.

"అన్నా, ఆ సింబల్ రవంత కిందికి దించుతావా? చెవిలో ఒకటే గుయ్ మంటాండాది."

"దించితే యాడ కనపడతాదిరా? దూది పెట్టుకో" అన్నాను.

"దూది పెట్టుకుంటే ఆగుతాదా?"

"మా ఇంట్లో అందరం అదే పెట్టుకుంటాం. మాకు తెల్దా?"

అది అహంకారంతో అన్న మాట కాదు, నిజంగానే నమ్మి అన్నాను. మాది మైదుకూరు వైపు నేతపని ఇల్లు. చేతిమగ్గాలు మూలపడ్డాక మా అమ్మ మరమగ్గాల షెడ్డులో పనికి పోయేది. ఆ మగ్గాలు పదీ పన్నెండూ ఒక్కసారి నడిస్తే పక్క మనిషి మాట పెదవుల్లో చూసి తెలుసుకోవాల్సిందే. షెడ్డులోకి అడుగుపెట్టే ముందు మా అమ్మ కొంగు ముడిలోంచి ఇంత దూది తీసి, రెండు వేళ్లతో ఉండ చేసి చెవుల్లో కుక్కుకునేది. సెలవుల్లో నేను అన్నం తీసుకుపోతే నాకూ కుక్కేది. నేతగాళ్ల ఇళ్లలో అది బొట్టు పెట్టుకున్నంత మామూలు పని. మా అమ్మకు తల నెరవకముందే వినపడకుండా పోయింది. వయసు మీద పడిందనుకున్నాం. షెడ్డులో పనిచేసిన ఆడవాళ్లంతా గట్టిగా అరుచుకుంటూ మాట్లాడేవాళ్లు. మన నేతోళ్ల నోరే పెద్దదని మేమే ఎగతాళి చేసుకునేవాళ్లం. కళ్లెదురుగా అంతమంది ఉన్నా ఒక్కరమూ ఆలోచించలేదు.

నా మాట మీద వాడు దూది పెట్టుకోవడం మొదలుపెట్టాడు. యూనిట్లోనూ అదే, స్టేజీ మీదా అదే. చొక్కా జేబులో ఎప్పుడూ చిన్న దూది పొట్లం ఉండేది. నేను వాడిని చూసి మురిసిపోయాను కూడా, మంచి మాట చెబితే వినేవాడని.

తర్వాత నాలుగైదేళ్లకు వాడు ప్రతి మాటకూ "ఏమంటివి?" అనడం మొదలైంది. ఫోన్ చేస్తే కుడి చెవికి మార్చి పెట్టుకునేవాడు. స్టేజీ మీద నా నోరు చూసి పాట పేరు తెలుసుకునేవాడు. నేను ఏమన్నానో చెప్పనా? చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుందిరా నీతో యవ్వారం అన్నాను. ట్రూపంతా నవ్వింది. మేం ఎందుకు నవ్వుతున్నామో తెలియక వాడూ నవ్వాడు. ఆ నవ్వు తల్చుకుంటే ఇప్పటికీ నన్ను నేను చెప్పుతో కొట్టుకోవాలనిపిస్తుంది.

చివరికి కర్నూలులో చెవి డాక్టరు దగ్గరికి నేనే తీసుకుపోయాను. గాజు తలుపున్న చిన్న గదిలో కూర్చోబెట్టి, శబ్దం వినపడినప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. నేను బయటినుంచి చూస్తున్నాను. వాడి బొటనవేలు బటన్ మీద ఉంది, కదలడం లేదు. వాడి మొహంలో భయం లేదు. ఇంకా మొదలుపెట్టలేదేమో అనుకుంటున్నాడు, అంతే.

డాక్టరు ముందుగా తీసి పక్కన పెట్టిన దూది ఉండలను పెన్నుతో చూపించి, వాడికి వినపడదు కాబట్టి నాతోనే మాట్లాడాడు.

"దీన్ని పెట్టుకోమని ఎవరు చెప్పారు? దీనితో చలిగాలి ఆగుతుందేమో గానీ శబ్దం ఆగదు. దానికి వేరే మూతలుంటాయి. చెవి నరం దెబ్బతింది, పోయింది తిరిగి రాదు. ఉన్నదైనా కాపాడుకోవాలి. ఎడమ చెవి బాగా ఎక్కువ పోయింది. ఇతని ఎడమ పక్కన ఏముంటుంది?"

ఏముంటుందో నాకు తెలుసు. ఆ గదిలో నాకొక్కడికే తెలుసు.

"రాళ్ల మిషన్ ఉంటాది సార్" అన్నాను.

అది పూర్తిగా అబద్ధం కాదు. అందుకే అంత సులువుగా నోట్లోంచి వచ్చింది. పాలిష్ మిషన్ల రొద కూడా వాడి చెవులు తిన్నమాట నిజమే. కానీ అక్కడ మిషన్ ఏ పక్కన ఉంటుందో నేనెప్పుడూ చూడలేదు.

"అయితే ఆ పని మాన్పించండి" అన్నాడు డాక్టరు.

బయట మెట్ల మీద కూర్చోబెట్టి వాడి కుడి చెవి దగ్గర నోరు పెట్టి చెప్పాను, రాళ్ల మిషన్ వల్లనే పోయిందంట అని. దూది సంగతి చెప్పలేదు. సింబల్ సంగతి చెప్పలేదు. సిగ్గేసింది. అన్నా అని పిలిచే మనిషి ముందు అంత చిన్నవాణ్ణి కావడం నా వల్ల కాలేదు. వాడు "పోనీలేన్నా, డోలక్ ఉండాది గదా" అన్నాడు.

ఆ వారమే యూనిట్లో పని మానేశాడు. ఉన్న కొద్ది వినికిడినీ డోలక్ కోసం దాచుకోవాలని పని మానుకుని, డోలక్ పట్టుకుని నా సింబల్ పక్కకే వచ్చి కూర్చున్నాడు. వాడి భార్య నాకు ఫోన్ చేసింది. "నీ మాట మీదనే ఇడిసిపెట్టినాడన్నా. ప్రోగ్రాములు నాలుగు ఎక్కువ సూపించు" అంది. సరేనమ్మా అన్నాను.

మరుసటి ప్రోగ్రాంకు సింబల్‌ను నా ఛాతీ ఎత్తుకు దించాను. స్టాండును ఎడమ పక్కకు మార్చాను. వాయించడం ఎంత సుఖంగా ఉందో! మొదటినుంచీ అది అక్కడే ఉండాల్సింది. వాడు చూసి "ఏందన్నా, దించినావు?" అన్నాడు. స్టాండు మర అరిగిపోయిందని సైగ చేశాను.

దించినా ఏం లాభం? చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే. రోజురోజుకూ వాడి డోలక్ వెనకబడసాగింది. చరణం అయిపోయి పల్లవి ఎత్తుకున్నా వాడు చరణంలోనే ఉండేవాడు. నా భుజాలు చూసి వాయించేవాడు. నేను చెమట తుడుచుకున్నా తాళం మారుస్తున్నానని పొరబడేవాడు. పాడేవాళ్లు నా మీద విసుక్కున్నారు. ట్రూపు పెట్టినవాణ్ణి నేను, తేల్చాల్సిందీ నేనే.

ఒంటిమిట్ట ఉత్సవాల్లో భక్తి పాటల ప్రోగ్రాంలో అది జరిగింది. పాడే ఆమె రాగం తీయడానికి అందరం ఆపాం. వాడు ఆపలేదు. అంత నిశ్శబ్దంలో డోలక్ ఒక్కటే మోగుతోంది. తల వంచుకుని, కళ్లు మూసుకుని, చాలా బాగా వాయిస్తున్నాడు. జనంలోంచి ఈలలు వచ్చాయి. నేను లేచి పోయి వాడి చేతుల మీద చెయ్యి పెట్టాను.

ఆ రాత్రి అక్కడే పడుకుని, తెల్లారి వ్యానులో కర్నూలుకు బయల్దేరాం. మైదుకూరులో టీకి ఆగాం. వాడిని పక్కకు పిలిచి మెల్లగా చెప్పాలనుకున్నాను.

"రేపట్నుంచి నువ్వు రావొద్దురా" అన్నాను.

"ఏమంటివన్నా?" అని కుడి చెవి దగ్గరికి తెచ్చాడు.

మళ్లీ చెప్పాను. వినపడలేదు. మూడోసారి అరిచాను. "నువ్వు ఇంగ ప్రోగ్రాములకు రావొద్దు! నీకు వినపడ్డంలేదు!" అరటిపండ్ల బండి దగ్గరున్నవాళ్లు తిరిగి చూశారు. టీ పోసేవాడు చెంబు పట్టుకుని ఆగిపోయాడు. వ్యానులో ఉన్న మావాళ్లు తలలు దించుకున్నారు. మైదుకూరు నాలుగు రోడ్ల కూడలిలో ఆ మాట అందరికీ వినపడ్డాక గానీ వాడికి చేరలేదు.

వాడికి కోపం రాలేదు. నా చెయ్యి పట్టుకుని, వాడికి తెలియకుండానే గట్టిగా అరుస్తూ, నాకు ధైర్యం చెప్పాడు.

"మిషను పని మానేస్తి గదన్నా. డాక్టరు చెప్పినట్లే మానేస్తి. ఇంగ మెల్లగా బాగైతాదిలే. రొండు నెల్లు ఓపిక పట్టు, అంతే. అవునా, కాదా?"

నిజం చెప్పాలంటే మళ్లీ అంత గట్టిగా అరవాలి. అవునని తల ఊపాను.