తోట హోటల్లో దండాసి మామ

పజుండౌంగ్‌లో మా పక్కింటి దండాసి మామ ఓడలో వంటవాడు. తొంభై ఆరులో ఇటలీ రేవులో ఓడ చెడిపోతే, కంపెనీ అతన్ని ద్రాక్షతోటల మధ్య ఒక ఖరీదైన హోటల్లో ఉంచింది. మిలిటరీ పాలనలో ఉన్న మా ఊళ్లో చుట్టం ఒక్క రాత్రి పడుకున్నా వార్డు ఆఫీసులో పేరు రాయించాలి, లేకపోతే జైలు. అక్కడ రాయించమని ఎవరూ అనలేదు. జైలుకెళ్తే ఉద్యోగం పోతుందని భయపడి, వాళ్లు పోసిన వైను కూడా ముట్టకుండా, తెల్లారగానే నాలుగు మైళ్లు నడిచి పోలీస్ స్టేషన్‌కి వెళ్లాడు.

"ఏటి తప్పు సేసినావని పోలీసోడు అడిగినాడ్రా," అన్నాడు మామ.

"నువ్వేటన్నావు?"

"పడుకున్నానన్నాను. నవ్వి, జీపెక్కించి మళ్లీ ఆ తోటలోనే దింపేసినాడు. పేరు రాసుకోనేదు. మరి నేనక్కడ ఉన్నట్టా, నేనట్టా?"



"ఉన్నట్టే మామా," అన్నాను.

"కాయితం నేదు కదరా," అన్నాడు.