ఉప్పెయ్యక ముందు నీళ్ళు

డిగ్రీ పాసయ్యానండీ! అరవై రెండేళ్ళకి. మా ఇంట్లో ఇంటర్ దాకా వెళ్ళిందే నేనొక్కదాన్ని, ఇప్పుడు డిగ్రీ కూడా నాదే మొదటిది. పొద్దున మచిలీపట్నంలో నేను అద్దెకుంటున్న మేడ మీద, బకెట్లలో వంగమొక్కలకి నీళ్ళు పోస్తుంటే ఫోన్లో రిజల్టు వచ్చింది. మూడుసార్లు చూశాను. చూపిద్దామంటే పక్కన మనిషి లేదు. ఫోన్ చేద్దామంటే గిలకలదిండిలో మావాళ్ళంతా ఆ టైముకి బోటు మీదో చేపల వేలంపాట దగ్గరో ఉంటారు, ఎవరూ ఎత్తరు. వాళ్ళకి తీరికయ్యేలోగా ఈ వయసులో డిగ్రీకి ఎందుకు కట్టానో చెప్తాను.

పన్నెండేళ్ళ కిందట, తొలకరి ముందు, నన్ను దివిసీమకి వేశారు. పెరటితోటల పథకంలో ఫీల్డ్ అసిస్టెంటుని. పేరు పెద్దదే గానీ కాంట్రాక్టు ఉద్యోగం, ఏటా రెన్యువల్ చెయ్యాలి. చల్లపల్లిలో బస్సు మారి, నాగాయలంక అవతల చేపలవాళ్ళ పల్లెకి వెళ్ళేదాన్ని. అక్కడ నేల ఉప్పు. విత్తనం వేస్తే మొలవదు. అందుకని ఇంటికి ఐదు పెయింటు బకెట్లు, అడుగున బెజ్జాలు పెట్టి, మంచి మట్టీ పశువుల ఎరువూ కొబ్బరిపొట్టూ కలిపి నింపి ఇచ్చాం. ప్రతి ఇంటికీ ఒక కార్డు. ఎప్పుడు ఏం వెయ్యాలో ఏం పొయ్యాలో దాని మీద నేనే రాయాలి.

నాంచారమ్మ గారు ఆ పల్లెలో ఒంటరి మనిషి. మోకాళ్ళు పట్టేసి చేపల గంప ఎత్తడం మానేశారు. కూరల బండి వారానికి రెండుసార్లే వస్తుంది, అది ఆగే చోటిదాకా కూడా నడవలేరు. అందుకే ఆ ఐదు బకెట్ల మీద ఆవిడకున్నంత ఆశ ఇంకెవరికీ లేదు. బీర గింజలు పెట్టిన రోజే నన్నడిగారు.

“చేపలు కడిగిన నీళ్ళు పోస్తే పాదు ఏపుగా లేస్తది గదమ్మా. మీ ఆఫీసులో చెప్పలా?”

చెప్పలేదు. మా ఆఫీసులో చేపలు కడిగినవాళ్ళు ఎవరున్నారు గనక! నాకు మాత్రం తెలుసు. మా అమ్మ పెరట్లో సొరపాదుకి రోజూ ఆ నీళ్ళే పోసేది. చదువుకున్నవాళ్ళకి తెలియనిది నాకు తెలుసని భలే పొంగిపోయాను. రోజు విడిచి రోజు చేపలు కడిగిన నీళ్ళు పొయ్యమని అన్ని కార్డుల మీదా నా చేత్తోనే రాశాను.

నెల తిరిగేసరికి ఆకుల అంచులు మాడాయి. మట్టి మీద తెల్లగా పొర కట్టింది. తెగులనుకుని వేపనూనె కొట్టించాను. రోజూ పోసే బోరు నీళ్ళ వల్లేమోనని కొందరి చేత మంచినీళ్ళ ట్యాంకు నీళ్ళు పోయించాను. అయినా పల్లెంతా ఒకటే వరస. ఒకరోజు నాంచారమ్మ గారి గుమ్మంలో కూర్చుని ఉంటే ఆవిడ బొమ్మిడాయిలు కడుగుతున్నారు. జిగురు పోవడానికి గుప్పెడు కళ్ళుప్పు వేసి చట్టిలో పాముతున్నారు. మా అమ్మా అలాగే పామేది. అందరం అలాగే పాముతాం. బకెట్లో మట్టి చిటికెడు తీసి నాలిక మీద పెట్టుకున్నాను. ఉప్పు. మా సొరపాదు నేలలో ఉండేది, పైగా ఇసక, వానకి ఉప్పంతా దిగిపోయేది. బకెట్లో కొద్దికొద్దిగా పోసే నీళ్ళకి అది ఎక్కడికీ పోదు.

నష్టం జరిగితే రిపోర్టు రాయాలి. అందులో ‘కారణం’ అని ఒక గడి ఉంటుంది. గుడివాడలో ఉండే మా పైఆఫీసరు గారికి ఫోన్ చేసి జరిగింది చెప్పాను. బోరు నీళ్ళు ఉప్పని రాసెయ్యమన్నారు, ఎవరి తప్పూ ఉండదన్నారు. అలా రాస్తే ఆ పల్లెకి నీటి సౌకర్యం లేదని పథకం జాబితాలోంచి తీసేస్తారు, రెండో విడత విత్తనాలు రావు. ఉన్నదున్నట్టు రాస్తే నా రెన్యువల్ పోతుంది. మా తమ్ముడిని అడిగితే బోరుకేమన్నా నోరుందా, రాసి పారెయ్యక్కా అన్నాడు. చివరికి నాంచారమ్మ గారికే చెప్పాను.

ఆవిడ మాడిన ఆకులు గిల్లుతూనే అన్నారు: “బోరనే రాసుకోమ్మా. నీ ఉద్యోగం నీకుండాల గదా. మాకు బకెట్లు లేకముందు మాత్రం తిన్లేదా ఏంటి?”

ఆవిడ అలా అన్నాక బోరని రాయలేకపోయాను. ‘ఫీల్డ్ అసిస్టెంటు ఇచ్చిన తప్పు సలహా’ అని రాసి సంతకం పెట్టాను.

మెమో వచ్చింది. విషయ పరిజ్ఞానం లేదు, డిగ్రీ లేనివాళ్ళని వేస్తే ఇంతే అని అందులో రాశారు. రెన్యువల్ నాలుగు నెలలు ఆపారు. ఆ నాలుగు నెలలూ గదిలో ఒక్కదాన్నే కూర్చున్నాను. ఆఫీసు నుంచి ఫోన్ లేదు. ఇంటికెళ్తే నేను చేసింది ఏంటో ఎవరికీ అర్థం కాలేదు, నాకూ విడమర్చి చెప్పడం రాలేదు. ఆ మెమోలో డిగ్రీ గురించిన ముక్క మాత్రం లోపల ఉండిపోయింది. రిటైరయ్యాక చేతిలో ఖాళీ తప్ప ఏమీ లేకపోతే దూరవిద్యలో కట్టాను.

పల్లె మాత్రం జాబితాలో ఉండిపోయింది. బకెట్లలో మంచినీళ్ళు నిండా పోసి, బెజ్జాల్లోంచి మూడుసార్లు కార్చి, మట్టిని ఎండబెట్టి మళ్ళీ ఎరువు కలిపారు. రెండో విడతలో ఒకరోజు పక్కింటివాళ్ళ ఫోన్లోంచి నాంచారమ్మ గారు చేశారు.

“కాసిందమ్మా. చేప నీళ్ళు మాన్లేదులే. ఉప్పెయ్యక ముందు కడిగినియ్యి పాదుకి, ఉప్పేసినియ్యి కాలవకి.”

అంత చిన్న మాట నాకు తట్టలేదు. నేను మళ్ళీ చేరాక కార్డుల మీద అదే రాశాను, ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ అదే చెప్పాను. నేర్చుకున్నది ఇంతే: బకెట్లో మనం పోసింది బకెట్లోనే ఉంటుంది. నేల మీద చూసింది బకెట్‌కి చెప్పేముందు ఒక పంట మనింట్లో పండించి చూడాలి. కారణం గడిలో అబద్ధం రాస్తే దానికి విరుగుడు ఎవరూ వెతకరు.

పదకొండైంది. ఇంక ఫోన్లు మొదలుపెట్టాలి.

మా తమ్ముడు: బోటు మీదున్నాడు, ఎల్లుండి దాకా సిగ్నల్ ఉండదు.
మరదలు: పాట అయ్యాక.
స్టడీ సెంటర్లో నా పక్కన కూర్చున్న పాప: తన రిజల్టు ముందు అడగాలి.
గుడివాడ ఆఫీసరు గారు: నంబరుంది. చెయ్యాలో వద్దో.
నాంచారమ్మ గారి పక్కింటివాళ్ళు: ఆవిడ పోయి మూడేళ్ళు. వాళ్ళకైనా చెప్తాను.
కింద వాటావాళ్ళు: మెట్లు దిగితే చాలు గానీ ఊరెళ్ళారు, సోమవారం వస్తారు.